మలుపులో ట్రాక్టర్ గరగర: కారణ నిర్ధారణ, సవరణ

వనపర్తి జిల్లాలో జూరాల, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల పథకాల నీరు అందుబాటులోకి వచ్చిన తరువాత వరి సాగు విస్తరించింది. ఒకప్పుడు జొన్న, ఆముదం, కంది, పల్లి మాత్రమే చూసిన చెలకల పక్కన ఇప్పుడు దమ్ము మడులు కనిపిస్తున్నాయి. పాన్‌గల్ మండలం కూడా ఈ మార్పులో భాగమే. కాలువకు నీరు వదిలిన నాటి నుండి నాట్లు ముగిసే వరకు ట్రాక్టరుకు విశ్రాంతి ఉండదు. ఆ కొద్ది రోజులలో యంత్రం ఆగితే రైతు నష్టపోయేది మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు. నీటి వంతు దాటిపోతుంది, నారు ముదురుతుంది, కుదుర్చుకున్న కూలీలు మరొక పొలానికి వెళ్లిపోతారు.

ఈ కాలంలో ట్రాక్టర్ యజమానులు తరచుగా చెప్పే ఫిర్యాదు ఒకటున్నది. “నేరుగా పోతే ఏమీ లేదు, తిప్పినప్పుడే గరగరమంటున్నది” అన్నది దాని సారాంశం. ఈ ఒక్క మాట విని ముందు చక్రం బేరింగు మార్చడం పరిపాటి. కొన్నిసార్లు అది సరిపోతుంది. కొన్నిసార్లు కొత్త బేరింగు వేసిన మరునాడే అదే శబ్దం మళ్లీ వినిపిస్తుంది. కారణం సులభం. మలుపులో శబ్దం చేయగల భాగాలు ట్రాక్టరులో కనీసం 6 ఉన్నాయి. అవి ఒకదానికొకటి సంబంధం లేనివి. అయితే వాటిలో ప్రతి ఒక్కటీ తనకు ప్రత్యేకమైన పరిస్థితిలోనే పలుకుతుంది. ఆ పరిస్థితిని గుర్తిస్తే, పానా పట్టుకోకముందే దోషం ఎక్కడున్నదో చాలా వరకు తేలిపోతుంది. ఈ నిర్ధారణ క్రమాన్ని విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మలుపులో ఏమి మారుతుంది?

వాహనం నేరుగా వెళ్లేటప్పుడు రెండు పక్కల చక్రాలు ఒకే దూరం నడుస్తాయి. మలుపులో అలా జరగదు. వెనుక చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు ఉన్న ట్రాక్టరు, 3.5 మీటర్ల వ్యాసార్ధంతో గట్టు దగ్గర పూర్తిగా వెనుదిరిగిందనుకుందాం. లోపలి చక్రం సుమారు 8.8 మీటర్లు, బయటి చక్రం సుమారు 13.2 మీటర్లు నడుస్తాయి. ఒక్క మలుపులోనే 4.4 మీటర్ల తేడా వస్తుంది. ఈ తేడాను సర్దే యంత్రాంగమే డిఫరెన్షియల్. నేరుగా పోయేటప్పుడు దాని లోపలి చిన్న గేర్లు తమ ఇరుసు మీద తిరగవు, పెట్టెతో కలిసి మొత్తంగా తిరుగుతాయి. మలుపులోనే అవి పనిలోకి దిగుతాయి.

రెండవ మార్పు బరువుకు సంబంధించినది. రోడ్డు మీద కొంత వేగంతో ఎడమకు తిరిగితే బరువు కుడి పక్కకు, కుడికి తిరిగితే ఎడమ పక్కకు ఒరుగుతుంది. అంతేకాక చక్రం మీద పై నుండి పడే బరువుకు తోడు పక్క నుండి తోసే ఒత్తిడి కూడా చేరుతుంది. ఈ పక్క ఒత్తిడి సమస్య ట్రాక్టరు కన్నా పాతది. అమెరికాలో గుర్రపు బండ్లు తయారు చేసిన హెన్రీ టిమ్‌కెన్, బరువు బండ్లు మలుపు తిరిగేటప్పుడు పడే ఇబ్బందిని గమనించి, పై బరువును, పక్క ఒత్తిడిని ఒకేసారి మోయగల ఏటవాలు రోలర్ల బేరింగుకు 1898లో పేటెంటు పొందాడు. నేటి ట్రాక్టరు ముందు చక్రపు హబ్బులో ఎదురెదురుగా కూర్చున్న రెండు బేరింగులు ఆ కోవకు చెందినవే. అవి సరిగా ఉన్నంతకాలం మలుపు వాటికి భారం కాదు. గ్రీజు పోయి ఇసుక చేరినప్పుడు మాత్రం ఆ భారం ముందుగా మలుపులోనే బయటపడుతుంది.

మూడవ మార్పు స్టీరింగుది, నాలుగవది బ్రేకుది. దమ్ములో చిన్న మలుపు కోసం తిరిగే పక్క బ్రేకును ఒంటిగా తొక్కడం మన ప్రాంతంలో సర్వసాధారణం. అంటే మలుపు అనే ఒక్క మాటలో స్టీరింగు, బ్రేకు, డిఫరెన్షియల్, హబ్బు, పనిముట్టు అన్నీ ఒకేసారి కదులుతున్నాయి. నిర్ధారణ అంటే వీటిని ఒకదాని నుండి మరొకటి విడదీసి చూడడమే.

చిన్న మడి, ఎక్కువ మలుపులు

వరి మడుల పరిమాణం కూడా ఇక్కడ పరిగణించదగినది. 1.5 మీటర్ల వెడల్పు గల రోటవేటరుతో వరుస పక్కన వరుసగా దున్నుతున్నామనుకుందాం. ఎకరం అంతా 40 మీటర్ల వెడల్పు, 101 మీటర్ల పొడవు గల ఒకే చెలకగా ఉంటే పొడవునా 27 సాళ్లు, 26 మలుపులు పడతాయి. అదే ఎకరాన్ని 10 గుంటల చొప్పున, 25 మీటర్ల వెడల్పు, 40.5 మీటర్ల పొడవు గల 4 మడులుగా చేస్తే ఒక్కొక్క మడిలో 17 సాళ్లు, 16 మలుపులు, మొత్తం 64 మలుపులు అవుతాయి. దమ్ముకు రెండు మూడు సార్లు దున్నుతారు కనుక మలుపుల సంఖ్య ఆ మేరకు పెరుగుతుంది. చెలకలో ఏడాదంతా నిశ్శబ్దంగా నడిచిన ట్రాక్టరు దమ్ములో దిగిన వారానికే మొరాయించడానికి ఇది ఒక కారణం.

రెండవ కారణం బురద. ఎర్ర చెలకలలోని గరుకైన ఇసుక రేణువులు నీటితో కలిసి ముందు హబ్బును ముంచుతాయి. రోడ్డు మీద వేగంగా వచ్చి వేడెక్కిన హబ్బు చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆయిల్ సీలు అంచు అరిగి ఉంటే ఆ సందు నుండి బురద నీరు లోపలికి పీల్చబడుతుంది. నీరు కలిసిన గ్రీజు తెల్లబారి పలుచనవుతుంది. ఇసుక రోలర్ల మధ్య చేరి నూరుతుంది. దమ్ములో ఇంజను హోరు, కేజ్ వీల్స్ చప్పుడు మధ్య ఈ నూరుడు వినపడదు. పని ముగించి రోడ్డెక్కి మొదటి మలుపు తిరిగినప్పుడు వినపడుతుంది. అప్పటికి హాని మొదలై కొన్ని రోజులు గడిచి ఉంటాయి.

రైతు మాటలోని ఆధారం

శబ్దాన్ని వర్ణించడానికి తెలుగులో ఉన్నన్ని ధ్వన్యనుకరణ పదాలు నిర్ధారణకు మంచి సాధనం. విస్తరణ సిబ్బంది వాటిని “శబ్దం వస్తున్నది” అని కుదించి రాసుకోకుండా, రైతు పలికిన మాటనే నమోదు చేయాలి. ఆగకుండా, వేగంతో పాటు పెరిగే “గరగర” బేరింగును గానీ, లైనింగు అరిగిపోయి ఇనుముకు ఇనుము రాసుకుంటున్న బ్రేకును గానీ సూచిస్తుంది. చక్రం తిరిగిన లెక్కకు సరిపోయేలా విడివిడిగా వచ్చే “టకటక” క్రాస్ జాయింటును, లేదా విరిగిన గేరు పంటిని సూచిస్తుంది. స్టీరింగు తిప్పే క్షణంలో మాత్రమే వచ్చే “కిర్రు” గ్రీజు లేని కింగ్ పిన్నుది. స్టీరింగును చివరి వరకు తిప్పి పట్టుకున్నప్పుడు వచ్చే “గుంయ్” అనే మూలుగు పవర్ స్టీరింగు పంపుది. మలుపు మొదట్లో ఒక్కసారి “ధడ్”మంటే వదులైన కింగ్ పిన్నును, లేదా విడుదల కాని డిఫరెన్షియల్ లాకును అనుమానించాలి.

మాటతో పాటు అడగవలసిన ప్రశ్నలు మూడు. ఏ పక్కకు తిప్పితే వస్తున్నది? రోడ్డు వేగంలోనా, గట్టు దగ్గర నెమ్మదిగా తిరిగేటప్పుడా? ఆ సమయంలో బ్రేకు, లాకు, పనిముట్టు వీటిలో ఏది పనిలో ఉన్నది? ఈ మూడింటికి జవాబు దొరికితే సగం నిర్ధారణ పూర్తయినట్లే.

విడదీసి చూసే క్రమం

పరీక్షలను ఖర్చు లేని దాని నుండి మొదలుపెట్టాలి. ట్రాలీని, పనిముట్టును విప్పి, చదునైన గట్టి నేల మీద, మనుషులు దూరంగా ఉండగా ఈ కింది క్రమాన్ని పాటించాలి.

మొదటిది నిలకడ పరీక్ష. ట్రాక్టరును ఆపి, ఇంజను నడుస్తుండగా స్టీరింగును ఎడమ చివరి నుండి కుడి చివరి వరకు తిప్పాలి. చక్రాలు దొర్లకుండానే శబ్దం వస్తే అది బేరింగుది, డిఫరెన్షియలుది కాదు. స్టీరింగు నూనె మట్టం, నూనెలో నురుగు, ఫిల్టరులో మురికి, పైపుల వద్ద కారడం చూడాలి. నూనె తగ్గి గాలి చేరినప్పుడు పంపు మూలుగుతుంది. స్టీరింగును చివరి వరకు తిప్పి కొద్ది క్షణాలకు మించి పట్టి ఉంచకూడదు. అప్పుడు నూనె ఒత్తిడి గరిష్ఠ స్థాయికి చేరి రిలీఫ్ వాల్వు ద్వారా వెనుదిరుగుతూ వేడెక్కుతుంది. ఆ స్థితిలో వచ్చే చిన్న శబ్దం దోషం కాదు. ఇక కిర్రుమనే శబ్దం వస్తే కింగ్ పిన్నులకు, టై రాడ్డు చివరలకు గ్రీజు గన్నుతో గ్రీజు ఎక్కించి మళ్లీ చూడాలి.

రెండవది బ్రేకు లేని మలుపు. డిఫరెన్షియల్ లాకు, 4 చక్రాల డ్రైవు రెండూ విడుదల చేసి, బ్రేకు తొక్కకుండా నెమ్మదిగా ఎడమకు, తరువాత కుడికి గుండ్రంగా నడపాలి. శబ్దం మాయమైతే దోషం బ్రేకులో గానీ, విడుదల చేసిన ఆ రెండింటిలో గానీ ఉన్నది. అప్పుడు ఒక్కొక్క బ్రేకును విడిగా తొక్కి చూడాలి. ఒక పక్క మాత్రమే గరగరమంటే ఆ పక్క లైనింగు అరిగినట్లు భావించవచ్చు. దమ్ములో ఎప్పుడూ ఒకే పక్కకు తిరిగే అలవాటున్న డ్రైవరు ట్రాక్టరులో ఆ పక్క బ్రేకు ముందుగా అరుగుతుంది. నూనెలో మునిగి పనిచేసే బ్రేకులున్న ట్రాక్టరులో నిర్దేశించిన రకం కాని నూనె పోసినా బ్రేకు పడినప్పుడు వణుకు, చప్పుడు వస్తాయి.

మూడవది లాకు పరీక్ష. డిఫరెన్షియల్ లాకు వేసి ఉండగా రెండు వెనుక చక్రాలు ఒకే వేగంతో తిరుగుతాయి. ముందు చెప్పిన 4.4 మీటర్ల తేడాను ఇక టైర్లు నేల మీద రాసుకుంటూ సర్దాలి, లేదా గేర్లు భరించాలి. బురదలో టైరు జారిపోతుంది కనుక తెలియదు. గట్టి నేల మీద స్టీరింగు బిగిసి, వెనుక నుండి ధడధడ వినిపిస్తుంది. లాకు పెడలు అడుగున బురద గట్టిపడినా, వెనక్కు లాగే స్ప్రింగు బలహీనపడినా కాలు తీసిన తరువాత కూడా లాకు విడవకపోవచ్చు. అలాంటప్పుడు పెడలును శుభ్రం చేయడమే మరమ్మతు. 4 చక్రాల డ్రైవును గట్టి రోడ్డు మీద వేసి ఉంచినా ఇలాంటి బిగువే వస్తుంది. ముందు, వెనుక టైర్లలో ఒక జత మాత్రమే కొత్తదైనా, పరిమాణం మారినా ఆ బిగువు పెరుగుతుంది.

నాలుగవది పనిముట్టు పరీక్ష. గట్టు దగ్గర రైతు రెండు పనులు ఒకేసారి చేస్తాడు. ట్రాక్టరును తిప్పుతాడు, రోటవేటరును ఎత్తుతాడు. ఎత్తినప్పుడు పి.టి.ఓ. షాఫ్టు కోణం పెరిగి అరిగిన క్రాస్ జాయింటు టకటకమంటుంది. దానిని మలుపు శబ్దంగా పొరబడడం సహజం. పనిముట్టును తగిలించి, తిప్పకుండా నేరుగా నిలిపి కొద్దికొద్దిగా ఎత్తి చూస్తే నిజం తెలుస్తుంది. షాఫ్టుకు రక్షణ తొడుగు ఉండాలి. ఇంజను ఆపకుండా ఎవరూ దాని దగ్గరకు వెళ్లరాదు. కేజ్ వీల్స్ బోల్టులు వదులై మడ్‌గార్డుకు రాసుకోవడాన్ని కూడా ఈ దశలోనే చూడాలి.

ఈ నాలుగు పరీక్షలలో దేనితోనూ సంబంధం లేకుండా, మలుపులో మాత్రమే, ఎడమకూ కుడికీ సమానంగా, వెనుక నుండి శబ్దం వస్తే డిఫరెన్షియల్ లోపలి గేర్లను, వాటి వాషర్లను అనుమానించాలి. చాలా ట్రాక్టర్లలో గేర్ల పెట్టెకు, డిఫరెన్షియలుకు, హైడ్రాలిక్సుకు నూనె ఒకటే. ఆ నూనె పాలరంగుకు మారితే నీరు చేరినట్లు. నూనె దింపినప్పుడు ఇనుప రజను, పలుకులు కనిపిస్తే గేర్లు దెబ్బతిన్నట్లు. ఈ పని గ్రామంలో విప్పదగినది కాదు. అన్ని సౌకర్యాలున్న వర్క్‌షాపుకే పంపాలి.

ఇక శబ్దం ముందు నుండి, ఒక పక్కకు తిప్పినప్పుడు ఎక్కువగా, రోడ్డు వేగంతో పెరుగుతూ వస్తే అది హబ్బు బేరింగు. ఎడమకు తిప్పితే పెరిగేది సాధారణంగా కుడి చక్రానిది, కుడికి తిప్పితే పెరిగేది ఎడమ చక్రానిది. ఇది సూచన మాత్రమే. చక్రాన్ని పైకి లేపి నిర్ధారించుకోవాలి.

చక్రాన్ని లేపి చూడడం

గట్టి నేల మీద నిలిపి, ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టాలి. ముందు ఇరుసు మధ్య పిన్ను మీద ఊగుతుంది కనుక, ఇరుసుకూ చట్రానికీ మధ్య రెండు వైపులా చెక్క దిమ్మలు బిగించిన తరువాతనే జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదానిని నమ్మక, ఇరుసు కింద గట్టి దిమ్మను ఆధారంగా ఉంచాలి.

లేచిన చక్రాన్ని గడియారంగా ఊహించి, 12, 6 అంకెల స్థానాలలో పట్టుకుని ఊపాలి. ఊగితే బేరింగు గానీ, కింగ్ పిన్ను బుష్షు గానీ వదులైనది. రెండింటినీ వేరు చేయడానికి మరొకరు వెనుక నుండి చూడాలి. చక్రం మాత్రమే కదిలి స్టబ్ యాక్సిల్ కదలకపోతే దోషం బేరింగుది. స్టబ్ యాక్సిల్ కూడా కలిసి కదిలితే కింగ్ పిన్నుది. 3, 9 అంకెల స్థానాలలో మాత్రమే ఊగితే టై రాడ్డు చివరలు అరిగినట్లు. తరువాత ఒక చేయి స్టబ్ యాక్సిల్ మీద ఉంచి చక్రాన్ని తిప్పాలి. ఇసుక చేరిన బేరింగు గరుకుదనం చెవికి వినపడకున్నా చేతికి తెలుస్తుంది.

విప్పే క్రమం క్లిష్టమైనది కాదు. దుమ్ము మూత, కాటర్ పిన్ను, నట్టు, వాషరు, బయటి బేరింగు, హబ్బు, చివరగా లోపలి బేరింగు, సీలు వరుసగా వస్తాయి. బేరింగులను కిరోసినుతో గానీ డీజిలుతో గానీ కడిగి ఆరబెట్టి వెలుతురులో చూడాలి. రోలర్ల మీద చిన్న గుంటలు, తుప్పు మరకలు, వేడికి వచ్చిన నీలి రంగు కనిపిస్తే మార్చాలి. లోపలి భాగాన్ని, హబ్బులో కూర్చున్న బయటి వలయాన్ని జతగానే మార్చాలి. పాత వలయంలో కొత్త రోలర్లు వేస్తే శబ్దం కొద్ది రోజులలోనే తిరిగి వస్తుంది. బేరింగు ఎలా ఉన్నా సీలు మాత్రం కొత్తదే వేయాలి. అసలు దోషం చాలాసార్లు సీలుదే, బేరింగు దాని ఫలితం. సీలు మార్చకుండా బేరింగు మార్చినచోటే మరుసటి దమ్ముకు అదే ఫిర్యాదు పునరావృతమవుతుంది.

తయారీదారు సూచించిన గ్రీజును అరచేతిలో తీసుకుని, బేరింగు వెడల్పు అంచు నుండి రోలర్ల మధ్యకు దట్టంగా ఎక్కించాలి. హబ్బు ఖాళీని మాత్రం పూర్తిగా నింపరాదు. సగం వరకు చాలు, నిండుగా కూరితే వేడెక్కుతుంది. చక్రాన్ని తిప్పుతూ నట్టును కొంచెం బిగువు తగిలే వరకు బిగించి, తరువాత కాటర్ పిన్ను రంధ్రం కలిసే వరకు కొద్దిగా వెనక్కు వదలాలి. ఎంత వదలాలన్నది ఆ నమూనా పుస్తకం ప్రకారం పాటించాలి. పాత కాటర్ పిన్నును తిరిగి వాడకూడదు. చక్రం ఊడిపోకుండా నట్టును ఆపేది ఆ చిన్న పిన్నే. రెండు మూడు కిలోమీటర్లు నడిపిన తరువాత రెండు పక్కల హబ్బులను జాగ్రత్తగా తాకి చూడాలి. ఒకటి మాత్రమే బాగా వేడెక్కితే బిగువు ఎక్కువైనట్లు.

కార్లకు, చిన్న వాహనాలకు

ఇదే క్రమం కారుకూ వర్తిస్తుంది, భాగాలు మాత్రం కొంత మారతాయి. ముందు చక్రాలకే శక్తి అందే కార్లలో స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు వచ్చే టకటక సి.వి. జాయింటుది. దానిపై రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటకు చిమ్మితే అది ముందస్తు హెచ్చరిక. మట్టి రోడ్ల మీద తిరిగే కార్లలో బ్రేకు డిస్కుకూ దాని వెనుక రేకుకూ మధ్య చిన్న రాయి చిక్కుకుని మలుపులో తీవ్రంగా గరగరమనడం కూడా సాధారణం. రాయి తీసివేసి, వంగిన రేకును సరిచేస్తే చాలు. బేరింగు ధరతో దానికి పని లేదు.

నివారణ, విస్తరణ కర్తవ్యం

దమ్ము జరిగే రోజులలో కింగ్ పిన్నులకు, మధ్య పిన్నుకు, టై రాడ్డు చివరలకు ప్రతిరోజూ, పాత గ్రీజు బురదతో సహా బయటకు వచ్చే వరకు గ్రీజు ఎక్కించాలి. రోడ్డు నుండి వచ్చిన వెంటనే లోతు నీటిలో దింపకుండా హబ్బును కొంత చల్లారనివ్వాలి. అధిక ఒత్తిడి నీటి ధారను సీళ్ల మీదకు సూటిగా కొట్టరాదు. దమ్ము ముగిసిన వెంటనే, ధాన్యం రవాణాకు ట్రాలీ తగిలించక ముందే, రెండు ముందు హబ్బులను విప్పి చూడాలి. పొలంలో ఊగిన చక్రం మడిలోనే ఆగుతుంది. బస్తాల ట్రాలీతో రోడ్డు మీద ఊడితే ప్రాణాలకు ముప్పు. అలాగే రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లను కొక్కెంతో కలపాలి. రోడ్డు వేగంలో ఒక్క బ్రేకే పడితే ట్రాక్టరు తిరగబడుతుంది.

రైతు వేదికలలో జరిగే సమావేశాలు ఎక్కువగా విత్తనం, ఎరువు, తెగుళ్ల చుట్టూ నడుస్తాయి. వానాకాలం, యాసంగి దమ్ములకు ముందు ఒక్కొక్క సమావేశాన్ని యంత్రానికి కేటాయించడం అవసరం. ఒక పాత హబ్బు, తెల్లబారిన గ్రీజు, అంచు అరిగిన సీలు, గుంటలు పడిన రోలర్లు చేతికిచ్చి చూపితే ఏ ఉపన్యాసం కన్నా ఎక్కువగా బోధపడుతుంది. దక్షిణ తెలంగాణకు సేవలందిస్తున్న పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం పరిధిలో గ్రామీణ అనుభవానికి వెళ్లే విద్యార్థులు ఇలాంటి నమూనాలను స్థానిక మెకానిక్కుల వద్ద సేకరించవచ్చు. లోతైన శిక్షణ కోరే గ్రామీణ యువతకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్లను సూచించవచ్చు.

విద్యార్థులు చేపట్టదగిన మరొక పని నమోదు. ప్రతి ఫిర్యాదుకు రైతు వాడిన శబ్ద పదం, తిప్పిన పక్క, వేగం, బ్రేకు, లాకు, పనిముట్టు స్థితి, చివరకు విప్పినప్పుడు తేలిన దోషం ఒకే కాగితం మీద రాయాలి. ఒక మండలంలో రెండు సీజన్ల పాటు ఇలా రాస్తే ఏ నేలలో, ఏ పనిలో, ఏ భాగం ముందుగా పోతున్నదో స్థానిక ఆధారంతో చెప్పగలుగుతాము. అంతవరకు పాటించవలసిన నియమం ఒకటే. శబ్దాన్ని కోరినప్పుడు రప్పించి, కోరినప్పుడు ఆపగలిగిన తరువాతనే భాగాన్ని మార్చాలి. ఏ పక్క, ఏ స్థితిలో అన్నది కాగితం మీద రాసి పంపిన రైతుకు మెకానిక్కు వద్ద ఒక రోజు ఆదా అవుతుంది. కాలువ నీరు వదిలిన వారంలో ఆ ఒక్క రోజుకు ఉన్న విలువ రైతుకు తెలుసు.